‘ఓకే’ నొక్కే పని లేకుండా.. తెనాలిలో రోజుకో ఫొటో

ఫోన్‌లో ఫొటో పంపడం రెండు సెకన్ల పని. అదే ఫొటో కాగితం మీదికి రావాలంటే కంప్యూటరు మనల్ని ఎన్ని ప్రశ్నలు అడుగుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? విండోస్‌లో ఏళ్ల తరబడి ఉన్న ఫొటో ప్రింటింగ్ డైలాగ్ బాక్సునే తీసుకోండి. ఏ ప్రింటరు? కాగితం సైజెంత? నాణ్యత ఎంత? కాగితం ఏ రకం? పేజీకి ఎన్ని ఫొటోలు? ఎన్ని కాపీలు? ఫొటోను ఫ్రేము నిండా పరచాలా, వద్దా? మొత్తం ఏడు. వీటన్నిటికీ జవాబిచ్చి ప్రింట్ నొక్కాక, ప్రింటరు కంపెనీ వాళ్ల సొంత డైలాగు ఇంకోటి లేస్తుంది. సిరా తగ్గింది చూశారా? ట్రేలో ఉన్న కాగితం ఇదేనా?

మనకు ఇవి ప్రశ్నల్లా అనిపించవు. చదవకుండానే ఎంటర్ కొట్టేస్తాం. 81 ఏళ్ల మా నాన్నకు మాత్రం ఒక్కోటీ ఒక్కో పరీక్ష పేపరు.

నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మానాన్న తెనాలిలో. అక్క హైదరాబాద్‌లో, తమ్ముడు మస్కట్‌లో. ఈ పేజీ చదివే చాలా ఇళ్ల పరిస్థితి ఇంతే కాబట్టి, ఆ ప్రశ్నలన్నిటికీ ఇక్కడి నుంచే ముందుగా జవాబు రాసి పెట్టేసిన మా ప్రయత్నం గురించి రాస్తున్నాను. కొంత సాంకేతికం ఉంటుంది. కోడ్ రాయని వాళ్లు కూడా చదవగలిగేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

షోకేసులో ఆగిపోయిన 2017

మా ఇంటి షోకేసులో మేమున్న ఫొటోల్లో అన్నిటికంటే కొత్తది 2017 నాటిది. ఆ వేసవి సెలవుల్లో పిల్లలతో వెళ్లినప్పుడు తెనాలి స్టూడియోలో తీయించుకున్నాం. అందులో మా చిన్నోడికి మూడేళ్లు. ఇప్పుడు పదకొండు. మధ్యలో కరోనా వచ్చింది. తర్వాత వీసా స్టాంపింగ్ తేదీలు దొరకలేదు. నేనొక్కణ్నే రెండుసార్లు వెళ్లొచ్చాను గానీ పిల్లల్ని తీసుకెళ్లడం పడలేదు. సరిగ్గా ఈ ఏళ్లలోనే అమ్మకు మతిమరుపు మొదలైంది.

ఒక శనివారం వీడియో కాల్‌లో మా చిన్నోడు ‘‘నానమ్మా, బాగున్నావా?’’ అన్నాడు. అమ్మ కొంగు సర్దుకుని ‘‘బాగున్నాను బాబూ.. ఎవరబ్బాయి మీరు?’’ అంది. ‘మీరు’ అంది. మనవణ్ని! నువ్వుకీ మీరుకీ ఉన్న దూరం వాడికి అంతగా తెలియదు కాబట్టి నవ్వేసి ఊరుకున్నాడు. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

విచిత్రమేమిటంటే షోకేసులోని మూడేళ్లవాణ్ని అమ్మ ఠక్కున గుర్తుపడుతుంది. పేరు పెట్టి పిలుస్తుంది. ‘‘వీడికి నెయ్యన్నం అంటే ప్రాణం’’ అని వచ్చినవాళ్లకు చెబుతుంది. ఫోన్‌లో మాట్లాడే పదకొండేళ్లవాడు, షోకేసులోని మూడేళ్లవాడు ఒకడే అన్న దారి మాత్రం ఆమెకు తెగిపోయింది. ఆ మధ్య ఎనిమిదేళ్లూ మా ఫోన్లలో, క్లౌడ్‌లో వేలకొద్దీ ఫొటోలుగా ఉన్నాయి. ఆమె చేతికి ఒక్కటీ అందలేదు.

ఫోన్ చేతికిస్తే సరిపోదా అంటారేమో. అమ్మకు ఫొటోలో మనిషి మొహం మీద వేలు పెట్టి చూడటం అలవాటు. వేలు పెట్టగానే ఆ ఫొటో జరిగిపోతుంది. ఇంకోటి వస్తుంది. లేదంటే ఎవరిదో స్టేటస్ తెరుచుకుంటుంది. ఆమె కంగారుపడి ఫోన్ నాన్నకిచ్చేస్తుంది. కాగితం అలా జరగదు.

తెనాలిలో స్టూడియోలు లేవా అనీ అడగొచ్చు. ఉన్నాయి. అక్క ఒకసారి రెండొందల ఫొటోలు ప్రింటు తీయించి ఇచ్చింది కూడా. అమ్మ ఒకే పూటలో కట్టంతా తిరగేసి దిండు పక్కన పెట్టేసింది. మర్నాడు చూపిస్తే ‘‘చూశాగా’’ అంది. అప్పుడు నాన్న అన్నారు: ‘‘కట్ట పనికిరాదు. వరసలో రోజుకొకటి రావాలి. మూడేళ్లవాడి దగ్గర మొదలుపెట్టి పైకి తీసుకురా.’’ ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఏ పాఠమైనా మెట్టు మీద మెట్టుగా చెబితేనే ఎక్కుతుందని నమ్మకం.

ఇది వైద్యమని నేననను. డాక్టరు కూడా ‘చూపించండి, మంచిదే’ అన్నారు తప్ప అంతకు మించి ఏ మాటా ఇవ్వలేదు.

‘‘ఏదో అడుగుతోందిరా’’

అక్క ఒక ఇంక్‌జెట్ ప్రింటరు, తన పాత ల్యాప్‌టాప్ తెనాలి తీసుకెళ్లి పెట్టింది. నేను రోజూ ఒక ఫొటో మెయిల్ చేయడం, నాన్న దాన్ని తెరిచి ప్రింటు తీయడం.. ఇదీ మొదటి ప్రణాళిక. వారం తిరిగేసరికి రోజూ ఇదే ఫోన్.

‘‘ఏరా, ఏదో అడుగుతోందిరా. ఓకే నొక్కమంటావా, క్యాన్సిల్ నొక్కమంటావా?’’

‘‘ఏమని అడుగుతోంది నాన్నా? చదవండి.’’

‘‘పేపర్ మిస్‌మ్యాచ్ అంటోంది. నేను పేపర్ మార్చలేదే!’’

ఆయనకు ఇంగ్లీషు రాక కాదు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. తప్పు మీట నొక్కితే కూతురు కొన్న వస్తువు పాడైపోతుందేమోనన్న భయం. మన తల్లిదండ్రుల్లో చాలామందికి కంప్యూటరుతో ఉన్న అసలు ఇబ్బంది ఇదేనని నా అభిప్రాయం. డైలాగు బాక్సు అడిగే ప్రశ్న కంటే, దానికి బాధ్యత తనదే అన్న బరువే ఎక్కువ. పైగా అక్కడ ఉదయం ఏడంటే మాకు ముందురోజు రాత్రి. రిమోట్ డెస్క్‌టాప్‌తో నేనే నొక్కి పెట్టేవాణ్ని. అది పనిచేసేది, నేను మెలకువగా ఉండి, అక్కడ ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉండి, నెట్ ఉన్నంతవరకూ.

వేసవిలో వాళ్లు అక్క దగ్గరికి వెళ్లి నెల ఉండి వచ్చారు. ఈలోపు ఇంక్‌జెట్ తల ఎండిపోయింది. ఎన్నిసార్లు క్లీనింగ్ పెట్టినా ఎరుపు రాలేదు. మనుషులంతా కామెర్ల రోగుల్లా పచ్చగా వచ్చారు. ఇంక్‌జెట్‌కు ఈ జబ్బు ఉంటుంది. సన్నటి రంధ్రాల్లోంచి సిరా చిమ్మే యంత్రం కదా, కొన్నాళ్లు వాడకపోతే సిరా గడ్డకడుతుంది.

అడగకుండా పని చేయించడం

డైలాగు లేకుండా ప్రింటు తీయించడం సాధ్యమా అంటే, నిక్షేపంగా సాధ్యం. డైలాగు అనేది ప్రింటింగ్‌లో భాగం కాదు. ప్రింటింగుకు కావలసిన సమాచారాన్ని మనిషి దగ్గర తీసుకునే ఒక పద్ధతి మాత్రమే. ఆ సమాచారం స్క్రిప్టు ఇచ్చేస్తే డైలాగు అవసరం ఉండదు.

విండోస్‌లో దీనికి అనేక దారులున్నాయి. స్క్రిప్టులో ఫొటో ఫైలు మీద ‘ప్రింట్’ అన్న క్రియను పిలిస్తే ఆ ఏడు ప్రశ్నల డైలాగే వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దాని పక్కనే ‘ప్రింట్ టు’ అన్న ఇంకో క్రియ ఉంది. దానికి ప్రింటరు పేరు కూడా ఇస్తే ఏమీ అడగకుండా పంపేస్తుంది. పాత పెయింట్ ప్రోగ్రామును స్లాష్ పీటీ అన్న స్విచ్‌తో, ఫైలు పేరు, ప్రింటరు పేరు ఇచ్చి పిలిచినా అంతే. ఇబ్బందల్లా ఈ రెండింటిలోనూ సైజు, మార్జిన్ల మీద మన చెయ్యి ఉండదు. పోస్టుకార్డు కాగితం మీద ఫొటో ఎక్కడ పడుతుందో దాని దయ.

ఇర్ఫాన్‌వ్యూ అనే ఉచిత ఫొటో వ్యూయర్ ఇంకాస్త నయం. ఒకసారి డైలాగులో అన్నీ సరిచేసి ప్రింటు తీస్తే ఆ సెట్టింగులను తన ఫైల్లో దాచుకుంటుంది. తర్వాత స్లాష్ ప్రింట్ స్విచ్‌తో పిలిస్తే అవే వాడుతుంది. కోడ్ రాయడం ఇష్టంలేని వాళ్లకు నేను చెప్పేది ఇదే.

పూర్తి పట్టు కావాలంటే పవర్‌షెల్ నుంచి డాట్‌నెట్‌లోని ప్రింట్ డాక్యుమెంట్‌ను వాడాలి. కాగితం సైజు, అడ్డమా నిలువా, మార్జిన్లు, బొమ్మను ఎన్ని అంగుళాల్లో గీయాలి.. అన్నీ మనమే చెప్పొచ్చు. ఇక్కడో చిన్న మెలిక ఉంది. ప్రశ్నలేవీ అడగకపోయినా, ప్రింటవుతున్నంతసేపూ ‘ఒకటో పేజీ ప్రింటవుతోంది’ అంటూ క్యాన్సిల్ మీటతో ఓ చిన్న డైలాగు కనిపిస్తుంది. ఎందుకంటే అది మామూలుగా వాడుకునే ప్రింట్ కంట్రోలర్‌లోనే ఆ డైలాగు ఉంటుంది. దాని స్థానంలో స్టాండర్డ్ ప్రింట్ కంట్రోలర్‌ను పెడితే మాయమవుతుంది. ఒక్క లైను మార్పు. ఆ క్యాన్సిల్ మీట కంటపడితే నాన్న తప్పకుండా ఫోన్ చేస్తారని నాకు తెలుసు.

ఎవరూ లేని గదిలో డైలాగు

విండోస్‌లో స్క్రిప్టును టాస్క్ షెడ్యూలర్‌కు అప్పగిస్తే రోజూ ఒకే వేళకు అదే నడుస్తుంది. ‘యూజర్ లాగిన్ అయి ఉన్నా లేకపోయినా నడిపించు’ అన్న ఆప్షన్ కూడా ఉంది. అది పెడితే స్క్రిప్టు తెర వెనుక వేరే సెషన్‌లో నడుస్తుంది. విండోస్ విస్టా నుంచి అలాంటి సెషన్లకు, మనం చూసే తెరకు సంబంధం తెంచేశారు. భద్రత కోసమే చేసినా, దాని పర్యవసానం ఏమిటంటే.. ఆ సెషన్‌లో ప్రింటరు డ్రైవరు ఏదైనా డైలాగు వేసిందనుకోండి, అది ఎవరికీ కనిపించదు. అక్కడే నిలబడి ఓకే కోసం ఎదురుచూస్తుంటుంది. స్క్రిప్టు ముందుకు కదలదు. లోపం ఉన్నట్టు ఎక్కడా రాదు. తాళం వేసిన ఇంట్లో ఫోన్ మోగుతున్నట్టే.

కాబట్టి మన స్క్రిప్టు ప్రశ్నలు అడగకపోతే చాలదు. డ్రైవరు కూడా అడగనిదై ఉండాలి. కొన్ని డ్రైవర్లలో స్టేటస్ మానిటర్ అనే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఆపేస్తే కొంత నోరు మూస్తాయి. అన్నీ కాదు. విండోస్ అప్‌డేట్‌ల తర్వాత మళ్లీ తెరుస్తాయి. ఇవన్నీ చూశాక ల్యాప్‌టాప్‌నే పక్కన పెట్టేద్దామనుకున్నాను.

చిన్న డబ్బా, చిన్న ప్రింటరు

ఇప్పుడు తెనాలిలో ఉన్నది అరచేతిలో పట్టే రాస్‌ప్‌బెర్రీ పై కంప్యూటరు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు, మౌస్ లేదు. డైలాగు వేయడానికి చోటే లేదు! అందులో లైనక్స్, దాని మీద కప్స్ అనే ప్రింటింగ్ వ్యవస్థ. మీ ఇంట్లో మ్యాక్ ఉంటే మీరూ రోజూ వాడుతున్నది కప్స్‌నే. 2002 నుంచి యాపిల్ దాన్నే వాడుతోంది. దాంట్లో ప్రింటు తీయడమంటే ఎల్‌పీ అన్న రెండక్షరాల కమాండ్. ప్రింటరు పేరు, ఎన్ని కాపీలు, ఏ కాగితం.. అన్నీ ఆ ఒక్క లైనులోనే రాసేస్తాం. ఎయిర్‌ప్రింట్ పలికే ప్రింటర్లయితే చాలావరకు కంపెనీ డ్రైవరు కూడా అక్కర్లేదు.

ప్రింటరు కూడా మార్చాం. పోస్టుకార్డు సైజు డై సబ్లిమేషన్ ప్రింటరు. ఇందులో ద్రవరూపంలో సిరా ఉండదు. రంగు పూసిన సన్నటి రిబ్బను ఉంటుంది. ఆ రంగును వేడితో కాగితంలోకి ఎక్కిస్తుంది. ముందు పసుపు, తర్వాత గులాబీ, ఆ తర్వాత నీలం, చివర్న పైపొర. కాగితం నాలుగుసార్లు బయటికొచ్చి లోపలికి పోతుంది. నెలల తరబడి వాడకపోయినా ఎండిపోవడానికి ఏమీ లేదు. రిబ్బనూ కాగితాలూ లెక్క సరిపోయేలా ఒకే పెట్టెలో వస్తాయి. కాగితం అయిపోయిందంటే రిబ్బనూ అయిపోయినట్టే. స్టూడియో కంటే ఖర్చు ఎక్కువే పడుతుంది, దాచడం అనవసరం. రోజుకొక్కటే కాబట్టి మా ముగ్గురికీ అది లెక్కలోకి రాలేదు.

అయితే ఒకటి. ఇలాంటి ప్రింటరు ఇక్కడ కొని సూట్‌కేసులో మోసుకెళ్లొద్దు. రిబ్బన్లు అక్కడ దొరికే మోడలేదో చూసుకుని అక్కడే కొనండి. ప్రతి పండక్కీ ఎవరో ఒకరి చేత రిబ్బన్లు పంపించే బాధ తప్పుతుంది.

అమ్మ ఈ ప్రింటరును ఇష్టపడటానికి కారణం వేరే ఉంది. మొదటిసారి కాగితం పచ్చగా మాత్రమే బయటికొస్తుంది. మనిషి ఎవరో తెలియదు. రెండోసారికి నీడలా, మూడోసారికి మొహం తెలుస్తుంది. నాన్న కుర్చీ వేసి కూర్చోబెడతారు. ‘‘ఎవరొస్తున్నారో చూడు’’ అంటారు. ఈ మాత్రం నాటకం నా స్క్రిప్టులో ఎక్కడా లేదు.

తల తెగకుండా

ఏడు ప్రశ్నల్లో అన్నిటికంటే చికాకైనది చివరిది. ఫొటోను ఫ్రేము నిండా పరచాలా, వద్దా? ఫోన్ ఫొటోలు సాధారణంగా నాలుగుకు మూడు కొలతలో ఉంటాయి. పోస్టుకార్డు కాగితం 148 మిల్లీమీటర్లకు 100. రెండూ కలవవు. నిండా పరిస్తే అడ్డం ఫొటోలో పైనా కిందా కలిపి దాదాపు పదో వంతు పోతుంది. ఆ పోయేది సాధారణంగా వెనక వరసలో నిలబడ్డ మనిషి తల. పరచకపోతే రెండు పక్కలా తెల్ల పట్టీలు మిగులుతాయి. స్టూడియోలో మనిషి ఉంటాడు కాబట్టి చూసి కత్తిరిస్తాడు. స్క్రిప్టుకు కళ్లుండవు. నేను పరచొద్దనే నిర్ణయించాను. తెల్ల పట్టీలుంటే ఉండనీ, తలలు తెగకూడదు. నాన్న ఆ పట్టీని వృథా పోనివ్వలేదు. ‘పెద్దమ్మాయి, స్కూలు మొదటి రోజు’ అని పెన్నుతో అక్కడే రాస్తున్నారు. అక్కడ చోటు చాలకపోతే కాగితం వెనక్కి తిప్పుతారు.

ఇంకో సంగతి, ఫోన్‌ను అడ్డంగా పట్టుకున్నా నిలువుగా పట్టుకున్నా ఫొటో ఫైలు మాత్రం చాలాసార్లు ఒకే తీరుగా దాచి ఉంటుంది. ‘దీన్ని ఇటు తిప్పి చూపించు’ అన్న గుర్తు ఎగ్జిఫ్ అనే సమాచారంలో ఉంటుంది. ఫోన్లు ఆ గుర్తు చదువుతాయి. ప్రింటింగ్ దారిలో ప్రతి ప్రోగ్రామూ చదవదు. అందుకే స్క్రిప్టే ముందుగా ఆ గుర్తు చూసి ఫొటోను తిప్పి, తర్వాత పంపాలి. పైథాన్‌లో పిల్లో అనే లైబ్రరీతో ఇది ఒక్క లైను పని. అలాగే ఐఫోన్లు 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి హెచ్‌ఈఐసీ రూపంలో ఫొటోలు దాస్తున్నాయి. దాన్ని జేపెగ్‌గా మార్చాలి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఈ కాగితానికి సుమారు 1748 బై 1181 చుక్కలు సరిపోతాయి. అంతకంటే పెద్ద ఫైలు పంపినా కాగితం మీద తేడా తెలియదు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలను ప్రింటుకు వాడకండి. మామూలుగా పంపితే అది వాటిని బాగా కుదిస్తుంది. తెర మీద తేడా తెలియదు గానీ కాగితం మీద మొహాలు అరిగిపోయినట్టుంటాయి. అమ్మ విషయంలో ఆ మొహమే అసలు సంగతి. వాట్సాపే గతి అయితే డాక్యుమెంటుగా పంపండి, ఉన్నదున్నట్టు వెళ్తుంది.

మౌనంతో వచ్చే చిక్కు

ప్రశ్నలు ఆపేసిన యంత్రం ఫిర్యాదులూ ఆపేస్తుంది. దీని గురించి ఎవరూ చెప్పరు. డైలాగు బాక్సు విసిగించినా, ‘కాగితం లేదు’ అని చెప్పేదీ అదే కదా. దాన్ని తీసేశాక ఆ కబురు ఎవరికి, ఎలా అందాలి?

ఎల్‌పీ కమాండ్ విజయవంతం అంటే ఫొటో క్యూలో చేరిందని మాత్రమే అర్థం. కాగితం మీదికి వచ్చిందని కాదు. అందుకని మా స్క్రిప్టు కాసేపాగి క్యూ ఖాళీ అయిందో లేదో చూస్తుంది. అయితేనే ‘ఈ తేదీ పని అయింది’ అని ఓ చిన్న ఫైల్లో రాసుకుంటుంది. ఉదయం ఏడు నుంచి పావుగంటకోసారి ఆ ఫైలు చూస్తుంది. అవ్వకపోతే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏడింటికి కరెంటు లేకపోయినా ఎనిమిదింటికి వస్తే ఫొటో వస్తుంది. రెండోది మాత్రం రాదు. పాతది క్యూలో ఉండగా కొత్తది పెట్టొద్దని కూడా రాశాను. లేదంటే నాలుగు రోజులు కాగితం లేక ఆగినవన్నీ ట్రే నింపగానే వరసపెట్టి దిగుతాయి. నాన్నగారి మెట్ల పద్ధతి మొదటికొస్తుంది.

కప్స్‌లో ఇంకో గుణం ఉంది. ప్రింటరు అందకపోతే అది మామూలుగా ఆ క్యూనే ఆపేస్తుంది. తర్వాత ప్రింటరు ఆన్ చేసినా క్యూ ఆగే ఉంటుంది, ఎవరో వచ్చి మళ్లీ తెరవాలి. ఆఫీసులో అయితే ఆ ‘ఎవరో’ ఉంటారు. తెనాలిలో ఉండరు. ఎర్రర్ పాలసీ అన్న సెట్టింగును ‘మళ్లీ ప్రయత్నించు’గా మార్చుకోవాలి.

ఇక నాన్నకు కబురు అందించడానికి డబ్బాకు ఒక చిన్న ఎర్ర లైటు పెట్టాం. తొమ్మిది గంటలకు కూడా ఫొటో రాకపోతే వెలుగుతుంది. అదే సమయానికి అక్కకూ నాకూ మెయిల్ వస్తుంది. నాన్న చేయాల్సింది ఒక్కటే. ట్రేలో కాగితం ఉందో లేదో చూడటం. ఉంటే మాకు వదిలేయడం. ట్రేలో 18 కాగితాలు పడతాయి కాబట్టి మామూలుగా రెండు వారాలకోసారి ఆయనే నింపుతారు. దుమ్ము పడకుండా పాత తుండుగుడ్డ కప్పుతారు.

గడియారం గురించి ఒక మాట. డబ్బాను భారత కాలమానంలోనే పెట్టండి. మాకు మార్చిలో, నవంబరులో గంట మారుతుంది, వాళ్లకు మారదు. డాలస్‌కూ తెనాలికీ ఎండాకాలం పదిన్నర గంటల తేడా, చలికాలం పదకొండున్నర. ఇక్కడి సర్వరు నుంచి ఇక్కడి టైముతో పంపితే ఏడాదికి రెండుసార్లు అమ్మ ఫొటో వేళ మారిపోతుంది. ఆమెకు వేళ మారితే ఆ రోజంతా చికాకే.

భద్రత మాటేమిటి? ఇంట్లోని ప్రింటరును ఇంటర్నెట్ వైపు తెరవకండి. దారిన పోయేవాడు కూడా దానికి పంపగలుగుతాడు. మా డబ్బా తలుపు తీయదు, తనే బయటికెళ్లి మా ముగ్గురికే అనుమతి ఉన్న క్లౌడ్ ఫోల్డరులోంచి ఆ రోజు ఫొటో తెచ్చుకుంటుంది. అక్కడి రౌటరులో ఏ సెట్టింగూ మార్చాల్సిన పని లేదు.

ఉగాది కౌంటర్లో

ఈ స్క్రిప్టు సంగతి తెలిసి మా ఊరి తెలుగు సంఘం వాళ్లు ఉగాది వేడుకలో ఫొటో కౌంటరు పెట్టమన్నారు. అక్కడ అవసరం పూర్తిగా వేరు. వందల మంది వరసలో ఉంటారు. కౌంటర్లో కూర్చునేది హైస్కూలు పిల్లలు. వాళ్లు ప్రతి కుటుంబానికీ డైలాగులో మీటలు నొక్కుతూ కూర్చుంటే పచ్చడి అయిపోయే వేళకు సగం మందికి కూడా ఫొటో అందదు. ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరు పెట్టాం. కెమెరా నుంచి అందులో ఫొటో పడగానే స్క్రిప్టు దాన్ని తిప్పి, కుదించి, ప్రింటరుకు పంపేస్తుంది. వెబ్ పేజీగా డిజైను చేసుకునే వాళ్లకు క్రోమ్‌లో కియోస్క్ ప్రింటింగ్ అన్న స్విచ్ ఉంది. దాంతో తెరిస్తే ప్రింట్ ప్రివ్యూ రాకుండానే డిఫాల్టు ప్రింటరుకు వెళ్లిపోతుంది. పిల్లలకు మిగిలిన పని ఫొటో తీయడం, వచ్చింది చేతికివ్వడం. పట్టుపరికిణీల్లో వచ్చిన చిన్నపిల్లల ఫొటోలు రెండేసి కాపీలు అడిగిన వాళ్లు చాలామంది. రెండోది ఇండియాకు.

ఏ ఫొటో అన్నది మాత్రం

ఆ ఏడు ప్రశ్నలకూ జవాబు ఒకసారి రాసి పెట్టేశాం. ఎనిమిదో ప్రశ్న ఒకటుంది. ఈ రోజు ఏ ఫొటో? మొహాలు గుర్తుపట్టే ప్రోగ్రాములు ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. మా చిన్నోడి ఫొటోలన్నీ ఏరి తేదీల వారీగా పేర్చి ఇచ్చేయగలవు. నేను పెట్టలేదు. ఆదివారం రాత్రి మా ఆవిడా నేనూ పిల్లలూ కూర్చుని వారానికి ఏడు ఏరి ఫోల్డర్లో వేస్తాం. ‘‘ఇందులో నేను ఏడుస్తున్నా, వద్దు’’ అని మా అమ్మాయి. ‘‘ఇదే కావాలి, ఇందులో తాతయ్య పంపిన చొక్కా వేసుకున్నా’’ అని చిన్నోడు. తమ్ముడు మస్కట్ నుంచి వారానికొకటి తన పాపది తోస్తుంటాడు. వరస పాడైపోతోందని నాన్న గోల.

ఈ సంక్రాంతికి మొదలుపెట్టాం. అమ్మకు కొన్ని రోజులు తెలుస్తుంది, కొన్ని రోజులు తెలియదు. ఐదేళ్లవాణ్ని చూసి ‘‘వీడు ఒడ్డూ పొడుగూ అయ్యాడే’’ అంది ఒకరోజు. మర్నాడు అదే ఫొటో చూపిస్తే నన్ననుకుని నా పేరు పిలిచింది. కరెంటు లేక మధ్యాహ్నం దాకా ప్రింటు రాని ఒక రోజున మాత్రం ఆమె ప్రింటరు ముందుకెళ్లి తుండుగుడ్డ తీసి చూసి, ‘‘ఇవాళ ఉత్తరం రాలేదా?’’ అని అడిగిందట. నాన్న చెబుతుంటే అక్క ఫోన్‌లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ప్రస్తుతం 2020 దగ్గరున్నాం. అక్కడ చిక్కొచ్చింది. ఆ ఏడాదీ, తర్వాతి ఏడాదీ బయట తీసిన ఫొటోలన్నిటిలో పిల్లలకు మాస్కులున్నాయి. మొదటి రెండూ పంపితే నాన్న ఫోన్ చేశారు. ‘‘సగం మొహం చూపించి ఎవరో చెప్పమంటే నాకే తెలియట్లేదు. మూతి కనిపించేవి పంపండి’’ అన్నారు. ఇంట్లో తీసినవి ఏరితే ఇప్పటికి పంతొమ్మిది దొరికాయి. మా ఆవిడ పాత ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టాం. అందులో ఇంకా వెతకాలి.